ఆస్ట్రేలియా పార్లమెంటు: ఆకుపచ్చ కాగితం సరే, తెల్ల కాగితం సంగతి ఏమిటి?

వెన్నెల_మెల్‌బోర్న్ (జూన్ 8, 2025)

అందరికీ నమస్కారం. నాకు పౌరసత్వం నిరుడు వచ్చింది. గత నెల 3న జరిగిన ఎన్నికల్లో ఈ దేశంలో మొదటిసారి ఓటు వేశాను. మాది ఒంగోలు. అక్కడ ఓటంటే మీట నొక్కడం, బీప్ శబ్దం వినడం, వేలి మీద సిరా చూసుకోవడం. ఇక్కడ పెన్సిలుతో పాటు రెండు కాగితాలు చేతిలో పెట్టారు.

ఆకుపచ్చ కాగితం చిన్నది. ఎనిమిది పేర్లు ఉంటే ఎనిమిదింటికీ వరసగా అంకెలు వేశాను. తెల్ల కాగితం మాత్రం చేతులు బారజాపితే గాని పూర్తిగా విప్పలేనంత పొడవుంది. వెనక వరసలో జనం నిలబడి ఉన్నారు. గీత పైనున్న పార్టీల గడుల్లో ఆరు అంకెలు తోచినట్టు వేసి పెట్టెలో పడేశాను. ఇంటికి వచ్చిన దగ్గర నుంచి ఆ తొందరపాటు మనసులో ముల్లులా ఉంది. తెలియని పత్రం మీద సంతకం చేసినట్టు అనిపిస్తోంది.

సెనేట్ అంటే మన రాజ్యసభ లాంటిదేనా? అదే అయితే మనతో నేరుగా ఓటు ఎందుకు వేయిస్తున్నారు? ప్రధానమంత్రి ఎవరో ఆకుపచ్చ కాగితమే తేల్చేస్తే, తెల్ల కాగితం తేల్చేది ఏమిటి? తెలిసినవారు ఓపికగా చెప్పండి.

పారామట్ట_ప్రసాద్ (జూన్ 8)

వెన్నెల గారూ, రాజ్యసభ లాంటిదే అనుకుంటే మొదటి అడుగులోనే దారి తప్పుతాం. నేను ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదటి రెండు ఎన్నికల్లో నేనూ మీలాగే వేశాను, కాబట్టి వివరంగా రాస్తాను.

ఆకుపచ్చ కాగితం ప్రతినిధుల సభకు. దేశాన్ని 150 నియోజకవర్గాలుగా చేశారు, ఒక్కోదానికి ఒక్క సభ్యుడు. సభలో మెజారిటీ ఉన్న పక్షం ప్రభుత్వం ఏర్పాటు చేస్తుంది. ఇంతవరకు మన లోక్‌సభే. కాలపరిమితి మాత్రం ఐదేళ్లు కాదు, మూడేళ్లు.

తెల్ల కాగితం సెనేట్‌కు. మొత్తం 76 మంది. ఆరు రాష్ట్రాలకు తలా 12 మంది, రెండు టెరిటరీలకు (మన కేంద్రపాలిత ప్రాంతాల లాంటివి) తలా ఇద్దరు. 80 లక్షలు దాటిన న్యూ సౌత్ వేల్స్‌కూ 12 మందే, ఆరు లక్షలు కూడా లేని టాస్మేనియాకూ 12 మందే. రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానాలు, సిక్కింకు ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 18 స్థానాలను 2014లో 11, 7గా పంచారు. మన దగ్గర జనాభాను చూసి ఇస్తారు, ఇక్కడ రాష్ట్రం పెద్దదా చిన్నదా అని చూడరు. 1901లో ఆరు వలస రాజ్యాలు కలిసి ఒక దేశం కావడానికి చిన్నవి ఒప్పుకున్నదే ఈ షరతు మీద.

రెండో తేడా మీరే పట్టుకున్నారు. రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. సెనేటర్లను మాత్రం జనమే ఎన్నుకుంటారు, మొదటి పార్లమెంటు నుంచీ అంతే. జనం ఓటుతో వచ్చినవాళ్లకు ‘మమ్మల్ని ఎవరు అడుగుతారు’ అనే ధీమా ఉంటుంది. ఆ ధీమాకు తగ్గ అధికారం రాజ్యాంగమూ ఇచ్చింది. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి. పంపకపోయినా ఆమోదం పొందినట్టే లెక్క. ఆస్ట్రేలియా సెనేట్ బడ్జెట్‌ను ఆపగలదు.

నల్గొండ_నరేష్ (జూన్ 8)

ప్రసాద్ గారూ, ఆ చివరి వాక్యం చదివి ఆగిపోయాను. బడ్జెట్‌ను ఎగువ సభ ఆపగలిగితే ఇక ప్రభుత్వం దిగువ సభకు జవాబుదారీ అనే మాటకు అర్థం ఏముంది? వెస్ట్‌మినిస్టర్ పద్ధతి, అంటే బ్రిటన్ పార్లమెంటు నమూనా, మొత్తం నిలబడింది ఆ ఒక్క సూత్రం మీదే కదా. బ్రిటన్‌లో 1909 బడ్జెట్‌ను ప్రభువుల సభ తిరస్కరించినందుకే 1911లో చట్టం చేసి ఆ అధికారం పీకేశారు.

పారామట్ట_ప్రసాద్ (జూన్ 8)

మీరు చెప్పింది నిజమే. కానీ ఇక్కడి రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1901 జనవరి 1న, అంటే 1911 చట్టానికి పదేళ్ల ముందు. బ్రిటన్ నుంచి ప్రధానమంత్రిని, కేబినెట్‌ను, స్పీకర్‌ను తెచ్చుకున్నారు. రాష్ట్రాల సెనేట్‌ను అమెరికా నుంచి తెచ్చుకున్నారు. రెండింటి పొత్తు ఎక్కడ కుదరదో అక్కడే మీ ప్రశ్న పుట్టింది. 53వ సెక్షన్ ప్రకారం పన్నుల బిల్లులనూ, ఏటేటా ప్రభుత్వ నిర్వహణకు పెట్టే ద్రవ్య వినిమయ బిల్లులనూ సెనేట్ ప్రవేశపెట్టకూడదు, సవరించకూడదు. మార్చమని ప్రతినిధుల సభను కోరవచ్చు. తిరస్కరించడానికి మాత్రం అడ్డు లేదు.

మండలి_లెక్కలు (జూన్ 9)

ఓట్ల లెక్కింపు గురించి నాలుగు మాటలు రాస్తాను. తెలంగాణలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పని చేసి పదవీ విరమణ పొందాను. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓట్ల లెక్కింపులో కూర్చున్నాను. ప్రస్తుతం పెర్త్‌లో అబ్బాయి దగ్గర ఉన్నాను.

అమ్మా వెన్నెలా, నువ్వు వేసిన ఆకుపచ్చ ఓటు మనకు కొత్తది కాదు. పట్టభద్రుల ఎన్నికల్లో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అంటూ అంకెలు వేస్తాం. ఎవరికీ సగం దాటకపోతే అడుగున ఉన్నవారిని తీసేసి, వారి కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికి ఉందో వారికి కలుపుతాం. ఇక్కడా అదే. మన దగ్గర మొదటి ప్రాధాన్యం ఒక్కటి వేసినా ఓటు చెల్లుతుంది. ఇక్కడ అన్ని గడులూ నింపాలి, లేకపోతే చెల్లదు. 2021లో నల్గొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 71 మంది పోటీ చేశారు. ఆ లెక్కింపు రోజుల తరబడి సాగింది. ఆ కాగితాన్ని చూసినవారికి ఈ తెల్ల కాగితం పెద్దగా ఆశ్చర్యం కలిగించదు.

తెల్ల కాగితానిది వేరే లెక్క. సాధారణంగా ఒక రాష్ట్రంలో ఒకసారి ఆరుగురినే ఎన్నుకుంటారు. ఆరు స్థానాలకు గెలుపు కోటా ఏడో వంతు ఓట్లకు ఒకటి ఎక్కువ. ఏడో వంతే ఎందుకు? ఏడో వంతు కంటే ఎక్కువ ఓట్లు ఒకేసారి ఏడుగురికి రావడం అసాధ్యం, ఆరుగురికే వస్తాయి కాబట్టి. శాతంలో 14.3. కోటా దాటినవారి అదనపు ఓట్లు తగ్గించిన విలువతో తర్వాతి ప్రాధాన్యానికి పోతాయి. అప్పటికీ స్థానాలు మిగిలితే అడుగు నుంచి తొలగింపు మొదలవుతుంది. రాజ్యసభకు మన ఎమ్మెల్యేలు వేసే ఓటు కూడా ఈ సూత్రంతోనే లెక్కిస్తారు. అక్కడ నూటికి పైగా ఎమ్మెల్యేలు చేసే పనిని ఇక్కడ కోటిన్నర మందికి పైగా ఓటర్లు చేస్తున్నారు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

అడిలైడ్_అనంత్ (జూన్ 9)

మాస్టారూ, చక్కగా చెప్పారు. ఒక సందేహం. ఆరుగురినే ఎన్నుకుంటారంటే మిగిలిన ఆరుగురు?

మండలి_లెక్కలు (జూన్ 9)

వారిది సగం ప్రయాణం బాబూ. రాష్ట్ర సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు. మూడేళ్లకోసారి సగం మంది దిగుతారు, కొత్తవారు జూలై 1న కూర్చుంటారు. అందుకే మే నెలలో గెలిచినవారు ఇంకా సభలోకి రాలేదు. టెరిటరీల సెనేటర్లు నలుగురికి మాత్రం ప్రతినిధుల సభతో పాటే మొదలు, దానితో పాటే ముగింపు.

పారామట్ట_ప్రసాద్ (జూన్ 9)

మాస్టారు చెప్పిన ఏడో వంతు లెక్కలోనే వెన్నెల గారి అసలు ప్రశ్నకు జవాబు ఉంది. ఆకుపచ్చ కాగితంలో ఓడినవారి ఓట్లకు సభలో చోటు దొరకదు. తెల్ల కాగితంలో ఏడో వంతు కూడగట్టినవారికి చోటు దొరుకుతుంది. అందుకే రెండు సభల రంగు ఒకటిగా ఉండదు. మొన్నటి ఎన్నికల్లో లేబర్ పార్టీ ప్రతినిధుల సభలో 150కి 94 గెలిచింది. అఖండ విజయమే. అయినా జూలై 1 నుంచి కూర్చునే సెనేట్‌లో మెజారిటీకి కావలసిన 39కి చాలా దూరంలోనే ఉంది. గ్రీన్స్ పార్టీ కలిస్తే సరిగ్గా 39. లేకపోతే ప్రతిపక్షాన్నో, చిన్న పార్టీలనో, స్వతంత్రులనో బిల్లుబిల్లుకూ ఒప్పించుకోవాలి. ఈ నిష్పత్తి పద్ధతి 1949 ఎన్నికల నుంచి ఉంది. చివరిసారి ఒక ప్రభుత్వానికి సెనేట్‌లో సొంత బలం ఉన్నది 2005 జూలై నుంచి 2007 వరకు, జాన్ హోవర్డ్ హయాంలో.

ఆకుపచ్చ కాగితంతో ప్రభుత్వాన్ని పెడతాం, తెల్ల కాగితంతో ఆ ప్రభుత్వం ఎవరిని అడిగి నడవాలో చెబుతాం. రెండోది తోచినట్టు వేయడం నాకైతే మనసొప్పదు.

నల్గొండ_నరేష్ (జూన్ 9)

మీ మాటల్లో శ్రద్ధ కనిపిస్తోంది, కానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. 94 మందిని గెలిపించిన జనం ఒక కార్యక్రమం చూసి ఓటు వేశారు. దాన్ని టాస్మేనియాలో కొద్ది ఓట్లతో గెలిచిన వ్యక్తి ఆపవచ్చా? 2013లో విక్టోరియా నుంచి మోటరిస్టుల పార్టీ తరఫున ఒకాయన సెనేటర్ అయ్యారు. మొదటి ప్రాధాన్య ఓట్లు 0.51 శాతం! ఆంధ్రప్రదేశ్ శాసన మండలి చరిత్ర చూడండి. 1958లో వచ్చింది, 1985లో రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది, 2020 జనవరిలో రద్దు చేయాలని తీర్మానం, 2021 నవంబరులో ఆ తీర్మానం వెనక్కి. ఉండాలా వద్దా అని ఇన్నిసార్లు అనుమానం వచ్చే సభ ఎందుకు? క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 1922లోనే తన ఎగువ సభను తీసేసింది. దాని పనులు ఆగలేదు.

మండలి_లెక్కలు (జూన్ 9)

నరేష్, ఆ 0.51 శాతం సంగతికి కారణం ఓటర్లు కాదు, పాత నియమం. అప్పుడు గీత పైన ఒక్క అంకె వేస్తే మిగిలిన ప్రాధాన్యాలన్నీ పార్టీ ముందే ఇచ్చిన జాబితా ప్రకారం పోయేవి. చిన్న పార్టీలు వాటిలో వాటికి ఒప్పందాలు చేసుకునేవి. 2016లో అది తీసేశారు. ఇప్పుడు గీత పైన కనీసం ఆరు పార్టీలకు, లేదా గీత కింద కనీసం పన్నెండు మంది వ్యక్తులకు ఓటరే అంకెలు వేయాలి. నీ ఓటు ఎటు పోవాలో నువ్వే రాస్తావు.

కృష్ణవేణి_కాన్‌బెర్రా (జూన్ 10)

చర్చ ఇంత దూరం వచ్చాక 1975 గురించి ఎవరూ రాయలేదని చూస్తున్నాను. ఈ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గొంతు పెంచుతారు. కొంచెం పొడవుగా రాస్తాను, క్షమించండి.

గాఫ్ విట్లమ్ నాయకత్వంలో లేబర్ ప్రభుత్వం. ప్రతినిధుల సభలో మెజారిటీ ఉంది, సెనేట్‌లో లేదు. ఆ ఏడాది ఇద్దరు లేబర్ సెనేటర్ల స్థానాలు ఖాళీ అయ్యాయి. ఒకరు రాజీనామా చేశారు, క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన మరొకరు చనిపోయారు. ఖాళీ అయిన చోట అదే పార్టీవారిని రాష్ట్రాలు పంపడం ఆనవాయితీ. రెండు రాష్ట్రాలూ ఆ ఆనవాయితీని తోసిపుచ్చాయి. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం విట్లమ్ అంటే గిట్టని ఆల్బర్ట్ ఫీల్డ్‌ను పంపింది. ఆయన నియామకం మీద కేసు పడటంతో ఆయన ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు, కానీ లేబర్‌కు ఆ ఒక్క ఓటూ పోయింది.

అక్టోబరు 16న సెనేట్ ద్రవ్య వినిమయ బిల్లులను ఆపింది. తిరస్కరించలేదు, ఆమోదించలేదు, ఎన్నికలకు ఒప్పుకుంటేనే ముందుకు కదులుతామని పక్కన పెట్టింది. ఖజానాలో డబ్బు తరిగిపోతోంది. విట్లమ్ తగ్గలేదు. నవంబరు 11 మధ్యాహ్నం రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ సర్ జాన్ కెర్ ఆయనను పదవి నుంచి తొలగించి, ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ ఫ్రేజర్‌ను ఆపద్ధర్మ ప్రధానిగా నియమించారు. కొంతసేపటికే సెనేట్ బిల్లులను ఆమోదించింది. అప్పటికి తమ ప్రభుత్వం పోయిందని లేబర్ సెనేటర్లకే తెలియదు! ప్రతినిధుల సభ ఫ్రేజర్ మీద అవిశ్వాస తీర్మానం నెగ్గించింది. దాన్ని పట్టుకుని స్పీకర్ గోర్డన్ స్కోల్స్ గవర్నర్ జనరల్ ఇంటికి వెళ్లేసరికి ఉభయ సభలూ రద్దయిపోయాయి. డిసెంబరు 13 ఎన్నికల్లో ఫ్రేజర్ ఘనంగా గెలిచారు.

దీని తర్వాత మారింది ఒక్కటే. 1977లో రిఫరెండం పెట్టి, ఖాళీ అయిన సెనేట్ స్థానంలో అదే పార్టీ వ్యక్తిని నియమించాలని రాజ్యాంగంలో రాశారు. బడ్జెట్‌ను ఆపే అధికారం అలాగే ఉంది. ఆ తర్వాత ఎవరూ వాడలేదు. వాడరన్న హామీ మాత్రం ఎక్కడా రాసి లేదు.

నల్గొండ_నరేష్ (జూన్ 10)

కృష్ణవేణి గారూ, ధన్యవాదాలు. ఇది చదివాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. సభలో మెజారిటీ ఉన్న ప్రధానిని ఇంటికి పంపిన అధికారం అది.

కృష్ణవేణి_కాన్‌బెర్రా (జూన్ 10)

ఆ రోజు జరిగింది తప్పనే నేనూ నమ్ముతాను. అయితే ఆ ఒక్క రోజును చూసి సభ మొత్తాన్ని కొలవలేను. నాకు సెనేట్ విలువ తెలిసింది ‘ఎస్టిమేట్స్’ విచారణలు చూసినప్పుడు. ఏడాదికి కొన్నిసార్లు సెనేట్ కమిటీలు ఒక్కో శాఖ కార్యదర్శినీ, అధికారులనూ కూర్చోబెట్టి, ఫలానా ఖర్చు ఎందుకు పెట్టారు, ఫలానా ఒప్పందం ఎవరికి ఇచ్చారు అని ఉదయం నుంచి రాత్రి దాకా అడుగుతాయి. ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది. దాటవేస్తే మళ్లీ అడుగుతారు. పెద్ద అధికారులు దస్త్రాలు తిరగేస్తూ తడబడటం కళ్లారా చూశాను. మెజారిటీ ప్రభుత్వం చేతిలో ఉన్న సభలో అంత గట్టి నిలదీత ఎక్కడా చూడలేదు.

ఇంకో ఉదాహరణ. విశ్వవిద్యాలయాలు ఫీజులను తమకు తోచినంత పెంచుకోవచ్చనే బిల్లును ప్రభుత్వం 2014లో తెచ్చింది. డిసెంబరులో సెనేట్ ఓడించింది. మార్చి 2015లో మళ్లీ తెస్తే మళ్లీ ఓడించింది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కడుతున్న ఫీజుల వెనక ఆ రెండు ఓటింగులు ఉన్నాయి.

అడిలైడ్_అనంత్ (జూన్ 10)

రెండు సభలకు పొసగకపోతే మన దగ్గర ఉన్నట్టు ఉమ్మడి సమావేశం పెట్టి తేల్చేయవచ్చు కదా? 1961లో వరకట్న బిల్లుకు, 1978లో బ్యాంకుల బిల్లుకు, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటాకు అలాగే చేశారు.

పారామట్ట_ప్రసాద్ (జూన్ 10)

అంత తేలిక కాదు అనంత్. ఇక్కడ ఉమ్మడి సమావేశానికి వెళ్లే దారిలో ఎన్నికలు ఉన్నాయి. 57వ సెక్షన్ ఇలా నడుస్తుంది. ప్రతినిధుల సభ పంపిన బిల్లును సెనేట్ తిరస్కరించాలి, లేదా ఒప్పుకోలేని సవరణలు పెట్టాలి, లేదా ఆమోదించకుండా కూర్చోవాలి. మూడు నెలలు ఆగి మళ్లీ పంపాలి. మళ్లీ అదే జరిగితే గవర్నర్ జనరల్ రెండు సభలనూ పూర్తిగా రద్దు చేయవచ్చు. అప్పుడు సెనేటర్లు అందరూ జనం ముందుకు వెళ్లాలి. ఎన్నికల తర్వాత కూడా సెనేట్ మొండికేస్తేనే ఉమ్మడి సమావేశం.

ఉభయ సభల రద్దు ఇప్పటికి ఏడుసార్లు జరిగింది: 1914, 1951, 1974, 1975, 1983, 1987, 2016. ఉమ్మడి సమావేశం జరిగింది ఒక్కసారే, 1974 ఆగస్టు 6, 7 తేదీల్లో. అందరికీ ఆరోగ్య బీమా ఇచ్చే బిల్లులు ఆ రెండు రోజుల్లోనే గట్టెక్కాయి. ఈ రోజు మన జేబుల్లో ఉన్న మెడికేర్ కార్డుకు మూలం అక్కడ ఉంది. అదే సమావేశంలో నెగ్గిన పెట్రోలియం చట్టాన్ని మూడు నెలల వ్యవధి సరిగ్గా పాటించలేదని హైకోర్టు కొట్టేసింది. ఇక్కడ హైకోర్టు అంటే దేశంలో అత్యున్నత న్యాయస్థానం, మన లెక్కలో సుప్రీంకోర్టు.

రద్దు బెదిరింపులో ఇంకో చిక్కు ఉంది. ఒకేసారి 12 స్థానాలకు ఎన్నిక జరిగితే కోటా పదమూడో వంతుకు, అంటే 7.7 శాతానికి పడిపోతుంది. చిన్న పార్టీలను వదిలించుకోవాలని రద్దుకు వెళితే ఇంకొందరు చిన్న పార్టీలవారు లోపలికి వచ్చే అవకాశం ఉంది.

వెన్నెల_మెల్‌బోర్న్ (జూన్ 11)

రెండు రాత్రులుగా ఈ చర్చే చదువుతున్నాను. మాస్టారూ, ఏడో వంతు లెక్క ఇంట్లో కాగితం మీద వేసి చూసుకున్నాను, అర్థమైంది. ఇంకో రెండు చిన్న ప్రశ్నలు. మంత్రులు సెనేట్ నుంచి కూడా ఉంటారా? మాలాంటివాళ్లం పోటీ చేయవచ్చా?

కృష్ణవేణి_కాన్‌బెర్రా (జూన్ 11)

ఉంటారు. ఇప్పటి విదేశాంగ మంత్రి పెనీ వాంగ్ సెనేటరే. అయితే మన దగ్గర మంత్రి ఏ సభలోనైనా మాట్లాడవచ్చు, ఓటు మాత్రం తన సభలోనే. ఇక్కడ మంత్రి తన సభ దాటి పోరు. అవతలి సభలో ఆ శాఖ తరఫున జవాబు చెప్పడానికి మరో మంత్రిని ముందే నియమిస్తారు. ప్రధాని మాత్రం ప్రతినిధుల సభలోనే ఉండాలన్నది గట్టి సంప్రదాయం. 1968లో జాన్ గోర్టన్ సెనేటర్‌గా ఉండగా ప్రధాని అయ్యారు. వెంటనే సెనేట్‌కు రాజీనామా చేసి ఉప ఎన్నికలో గెలిచి అటు మారారు. మన్మోహన్ సింగ్ గారు పదేళ్లూ రాజ్యసభ నుంచే ప్రధానిగా ఉన్నారు. పీవీ గారు 1991లో ఏ సభలోనూ లేకుండా ప్రధాని అయి, నంద్యాల నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లారు. గోర్టన్ కథ చదివినప్పుడు నాకు నంద్యాలే గుర్తొచ్చింది.

సభాధిపతుల్లోనూ ఒక ముచ్చటైన తేడా ఉంది. స్పీకర్ ఓట్లు సమానమైతేనే ఓటు వేస్తారు. సెనేట్ అధ్యక్షులు తమ రాష్ట్రం తరఫున వచ్చిన సెనేటర్ కాబట్టి అందరితో పాటు ముందే ఓటు వేస్తారు, నిర్ణాయక ఓటు ఉండదు. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే.

మండలి_లెక్కలు (జూన్ 11)

పోటీ సంగతి నేను చెబుతాను. రాజ్యాంగం 44వ సెక్షన్ ప్రకారం వేరే దేశపు పౌరసత్వం ఉన్నవారు రెండు సభల్లో దేనికీ అర్హులు కారు. 2017లో ఈ నియమం పెద్ద దుమారం లేపింది. తండ్రి న్యూజిలాండ్‌లో పుట్టినందున తెలియకుండానే ఆ దేశ పౌరుడిగా ఉన్న ఉప ప్రధాని బార్నబీ జాయిస్ సహా ఐదుగురిని అనర్హులని అక్టోబరు 27న హైకోర్టు తేల్చింది. జాయిస్ ఉప ఎన్నికలో గెలిచి తిరిగి వచ్చారు. మనకు ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది. కానీ ఆ సెక్షన్ పౌరసత్వంతో ఆగదు, వేరే దేశ పౌరుల హక్కులకు అర్హత ఉండకూడదని కూడా అంటుంది. అందువల్ల ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవారు నామినేషన్‌కు ముందు మంచి న్యాయవాదికి చూపించుకోవాలి. పోటీ చేయాలని నీకు అనిపిస్తే వెనకాడవద్దు అమ్మా.

నల్గొండ_నరేష్ (జూన్ 11)

బడ్జెట్ ఆపే అధికారం మీద నా మాట మారలేదు. అది తీసేయాలి. కానీ విచారణ కమిటీల గురించి కృష్ణవేణి గారు చెప్పింది కాదనలేను. నిన్న రాత్రి ఒక పాత ప్రసారం రెండు గంటలు చూశాను. మా మండలిలో ఇలాంటిది ఒక్క రోజు జరిగినా చాలు అనిపించింది.

వెన్నెల_మెల్‌బోర్న్ (జూన్ 12)

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. మా పాప ఆరో తరగతి, ఆగస్టులో బడివాళ్లు కాన్‌బెర్రా తీసుకెళుతున్నారు. నేనూ అదే వారం వచ్చి సభ చూడాలనుకుంటున్నాను. కృష్ణవేణి గారూ, మామూలు మనుషులను లోపలికి రానిస్తారా?

కృష్ణవేణి_కాన్‌బెర్రా (జూన్ 12)

తప్పకుండా రండి. ప్రవేశం ఉచితం. వచ్చే ముందు ఆ వారం సభలు కూర్చుంటున్నాయో లేదో పార్లమెంటు క్యాలెండర్‌లో చూసుకోండి. లోపల తూర్పు వైపు ఆకుపచ్చ రంగులో ఉన్నది ప్రతినిధుల సభ, పడమటి వైపు ఎర్రది సెనేట్. ప్రశ్నోత్తరాలు మధ్యాహ్నం రెండు గంటలకు రెండు చోట్లా మొదలవుతాయి. ప్రతినిధుల సభ వైపు జనం ఎక్కువ, ముందుగా సీటు చెప్పి ఉంచుకోవడం మంచిది. హఠాత్తుగా గంటలు మోగి, గడియారాల పక్కన దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటే కంగారు పడకండి. ఓటింగ్ ఉందని సభ్యులను పిలుస్తున్నారు, నాలుగు నిమిషాల్లో తలుపులు వేసేస్తారు. పచ్చ దీపమైతే ప్రతినిధుల సభ, ఎర్ర దీపమైతే సెనేట్. ఎర్ర దీపం వెలిగితే పాపను తీసుకుని పడమటి గ్యాలరీకి నడవండి. నాకు ముందురోజు సందేశం పెడితే నేనూ వస్తాను.